పిండి వేలిముద్రలు

ఎడమ దవడ కింద రెండు,
కుడిచెవి వెనక ఒకటి.
ఫిబ్రవరిలో వచ్చిన జలుబు
తన సామాను సర్దుకుని వెళ్తూ వెళ్తూ
ఈ మూడు బిళ్లల్నీ నా మెడలో మరిచిపోయింది.

కుతాయిసిలో వేకువ నాలుగు గంటలు.
రియోని నది చీకట్లో ఏదో గొణుక్కుంటూ పోతోంది.
నేను మట్టిపొయ్యిలోకి నడుందాకా వంగి
ముద్దని గోడకి చరిచి
ఊపిరి బిగబట్టి పైకి లేస్తాను.
ఇరవై రెండేళ్లుగా ఇదే వంగడం, ఇదే లేవడం.
ఇప్పుడు మాత్రం, లేచాక
ఊపిరి గొంతు దగ్గర ఆగి దారి అడుగుతోంది.

గుటక వేస్తాను. దిగుతుంది.
నిజంగా దిగిందా అని ఇంకోటి వేస్తాను.
మూడోదానికి నోట్లో తడి ఉండదు.
వెలక్కాయ అడ్డంపడ్డట్టు అంటారే, అది కాదు ఇది.
ఎవరో నా కండువాని లోపలివైపు నుంచి బిగించి కట్టి
ముడి విప్పకుండానే పనికి వెళ్లిపోయినట్టు.

మొదట్లో చిక్కుడుగింజంత అన్నాను.
ఏప్రిల్ వచ్చేసరికి అక్రోటు పలుకంత అన్నాను.
ఒతియా నిద్రలోంచే చెయ్యి చాపి తడిమి
"నిన్నెంతో ఇవాళా అంతే, పడుకో" అన్నాడు.
నిన్న తడిమిందెప్పుడు, మహానుభావుడు!

ఆస్పత్రిలో చల్లటి జిగురు రాసి
బొమ్మ తీశారు, రక్తం తీశారు,
సన్నటి సూదితో కాస్త నన్నూ తీశారు.
"పదకొండు మిల్లీమీటర్లు. మెత్తగా ఉన్నాయి. కదులుతున్నాయి.
భయపడే రకం కాదు" అంది డాక్టర్ మఖ్వలా.
మరైతే ఇవేమిటి?
"ఉంటాయి. కొందరికి అలా ఉండిపోతాయి."
ఉండిపోతాయి -
ఈ మాటని ఉదయం వేసుకోవాలో రాత్రి వేసుకోవాలో
చీటీ మీద రాయలేదు.

మా పిన్ని దొమ్నికాకి కూడా ముందు ఇంతే.
ఆ సంగతి డాక్టరుకి చెప్పాను.
ఒతియాకి చెప్పలేదు.

"రోజుకెన్నిసార్లు నొక్కి చూసుకుంటావు?"
లెక్కపెట్టలేదన్నాను. అబద్ధం.
నలభై. ఆదివారాలైతే ఇంకా ఎక్కువ.
"నలభైసార్లు నొక్కితే పిండే ఊరుకోదు,
రొట్టెలు చేసేదానివి, నేను చెప్పాలా" అంది.
నవ్వొచ్చింది. నవ్వు మటుకు గొంతులో ఎక్కడా ఆగలేదు.
అది గమనించాను కూడా.

రోజూ మొదటి రొట్టె కొనే ముసలి లెక్కల మాస్టారు మిందియా
కిటికీలోంచి డబ్బులిస్తూ అన్నాడు:
"నాజిబ్రోలా, ఇవాళ రెండువైపులా ఉన్నాయే!"
ఏమిటవి?
తూకం పళ్లెం వెనక్కి తిప్పి చూసుకున్నాను.
దవడ కింద, చెవి వెనక
తెల్లగా, పిండితో, నా వేలిముద్రలు.
ఎవరికీ చెప్పలేదనుకున్న భయాన్ని
వీధి వీధంతా నా మెడ మీద చదువుతోందన్నమాట.
ఎంతకాలంగా?
"శీతాకాలం నుంచీ" అన్నాడు చిల్లర లెక్కపెట్టుకుంటూ.
"సోమవారాలు కాస్త తక్కువ."

మర్నాటి నుంచి చేతుల్ని పిండిలో దాచాను.
మణికట్టు దాకా ముంచి, పిసికి, తిప్పి,
అవి పైకి రాబోతే ఇంకో ముద్ద ఇచ్చాను.
కొన్ని రోజులు గెలిచాను.
ఒక గురువారం ఘోరంగా ఓడి
గోడౌన్‌లో బస్తాల మీద కూర్చుని
దవడ నొప్పెట్టేదాకా నొక్కుకుంటూ ఏడ్చాను.
మిందియా ఆవేళ ఏమీ అనలేదు.
రెండు రొట్టెలు కొన్నాడు.

బిళ్లలు తగ్గాయా అంటే, లేదు.
కండువా ముడి సాయంత్రాల్లో ఇంకా బిగుస్తుంది.
అప్పుడు గోరువెచ్చటి నీళ్లు కొద్దికొద్దిగా తాగుతాను,
భుజాలు దించుకుంటాను,
గాలి వెళ్తోందని గాలికే వదిలేస్తాను.

నిన్న పని ముగించి
తెల్ల వంతెన మీద నడుస్తూ
మాడిన రొట్టె కొస ఒకటి తిన్నాను.
మొత్తం తినేశాక తెలిసింది,
ఒక్క గుటక కూడా లెక్కపెట్టలేదని.
తెలియగానే గుండె ఝల్లుమంది,
పాత అలవాటు, చెయ్యి లేచింది మెడవైపు.
సగం దారిలో ఆగింది.
దాన్నిండా రొట్టె పొడి.
కింద నది మీద పిట్టలు.
దులిపేశాను.